దండాసి మాస్టారి పేరున నేను జరిపిన చీటీ

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో వేసవిలో, బరంపురం బడా బజారు వెనక సందులో ఉన్న మా డిజైన్ స్టూడియోకి ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ ఎంచే పని నాకు అప్పగించారు. అప్పటికి నేను అక్కడ స్టూడియో మేనేజర్‌ని. రిటైర్ కావడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. అంతకు ముందు ఒక ప్రింటింగ్ ప్రెస్సు కంపోజింగ్ సెక్షన్లో చాలా ఏళ్ళు చేశాను కాబట్టి అక్షరాల పని నాకు కొత్త కాదు. సాఫ్ట్‌వేర్ ఎంచడం మాత్రం కొత్తే.

స్టూడియో మేనేజర్ అంటే బొమ్మలు గీసే మనిషి కాదు. ఏ పని ఎవరి దగ్గర ఉంది, ఎప్పటికి కావాలి, ప్రెస్సుకి ఎప్పుడు వెళ్ళాలి అన్నది చూసే మనిషి. పెళ్ళిలో వడ్డన దగ్గర నిలబడే ఆడమనిషిలాంటి ఉద్యోగం. తాను వండదు, తాను తినదు, ఎవరి విస్తట్లో ఏది తక్కువైందో చూసుకుంటూ తిరుగుతుంది.

మేము మొత్తం ఆరుగురం. యజమాని శ్రీధర్ ఊళ్ళోని పాత తెలుగు వర్తకుల కుటుంబంలోవాడు, భువనేశ్వర్‌లో డిజైన్ చదివి వచ్చి తండ్రి పప్పుల గిడ్డంగి మేడ మీద స్టూడియో పెట్టాడు. మంచివాడు, కొంచెం తొందర మనిషి. లిపికా అనే ఒడియా అమ్మాయి, మరో ఇద్దరు కుర్రవాళ్ళు కంప్యూటర్ల మీద పనిచేసేవాళ్ళు. లిపికా నన్ను "నానీ" అని పిలిచేది, మా వైపు ఒడియాలో అక్క అని అర్థం. ఆరో మనిషి దండాసి మాస్టారు.

మా దగ్గరికి వచ్చే పనులు పట్టుచీరల సంచులు, జీడిపప్పు డబ్బాలు, పచ్చడి సీసాల లేబుళ్ళు, కొట్ల బోర్డులు. అన్నిటికంటే ఎక్కువ శుభలేఖలు. బరంపురం తెలుగువాళ్ళ శుభలేఖకి రెండు మొహాలుంటాయి, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా. తమాషా ఏమిటంటే ఆ తెలుగు మొహాన్ని చదవగలిగినవాళ్ళు ఏటికేడు తగ్గిపోతున్నారు. మా ఇళ్ళలో పిల్లలు పుట్టినప్పటి నుంచి తెలుగే మాట్లాడతారు, బళ్ళో మాత్రం ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు అక్షరం వాళ్ళకి ముగ్గులాంటిది, చూడ్డానికి బాగుంటుంది. శ్రీధర్ కూడా కూడబలుక్కునే చదువుతాడు. స్టూడియోలో తెలుగు తడుముకోకుండా చదివేవాళ్ళం ఇద్దరమే. నేను, దండాసి మాస్టారు. సాఫ్ట్‌వేర్ ఎంచడానికి కూర్చున్నప్పుడు కాగితం మీద మొట్టమొదట రాసుకోవలసిన సంగతి ఇది. నేను రాసుకోలేదు.

దండాసి మాస్టారిది పొడంపేట, ఋషికుల్య సముద్రంలో కలిసేచోట ఉండే చేపలవాళ్ళ ఊరు. చిన్నప్పుడు పడవల మీద పేర్లు రాయడంతో మొదలుపెట్టి, బరంపురం వచ్చి కొట్ల బోర్డులు రాసి, బోర్డుల కాలం పోయాక మా స్టూడియోలో చేరారు. కంప్యూటర్ ముట్టుకునేవారు కాదు. అక్షరం కాగితం మీద రాసిచ్చేవారు, పిల్లలు దాన్ని స్కాన్ చేసుకునేవారు. దానితోపాటు స్టూడియోలో తయారైన ప్రతి పనినీ ప్రెస్సుకి పోయేముందు ఆయన ఒకసారి చూసేవారు. రోజూ పొద్దున్న గంజాం నుంచి బస్సులో వచ్చి, సాయంత్రం ఆరింటి బస్సుకి వెళ్ళిపోయేవారు.

ఆయన చూసే పద్ధతి వేరు. హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి ఒక నైలాను తాడు కట్టి ఉండేది. తయారైన డిజైను ప్రింటు తీసి, బట్టల క్లిప్పుతో ఆ తాడుకి వేలాడదీసేవారు. ఆ రాత్రంతా అది అక్కడే ఉండాలి. మర్నాడు పొద్దున్న కిటికీలోంచి వెలుతురు పడ్డప్పుడు దాని ముందు నిలబడి, పెదవులు కదుపుతూ మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివేవారు. అప్పుడే అది ప్రెస్సుకి వెళ్ళాలి. దీన్ని ఆయన "ఆరబెట్టడం" అనేవారు. పడవ మీద పేరు రాస్తే రంగు ఆరడానికి ఒక రాత్రి పడుతుంది. పొద్దున్న పడవవాళ్ళ ఇంటిల్లిపాదీ వచ్చి, ఆ పేరు చూసి సరే అన్నాకే పడవ నీళ్ళలోకి దిగుతుంది. రాసిన రోజు కంటికి తప్పు కనబడదు, తెల్లారితే కనబడుతుంది. ఆయన నేర్చుకున్న విద్య మొత్తం అంతే.

కంప్యూటర్లో చేసిన దానికి ఆరవలసిన రంగేమీ లేదు. అయినా ఆ తాడు అలాగే ఉండిపోయింది, మేమందరం దానికి అలవాటు పడిపోయాం.

ఇక సాఫ్ట్‌వేర్ ఎందుకంటే, అంతకు ముందు మా పనంతా ఖాకీ కవర్లలో, వాట్సాప్‌లో నడిచేది. ప్రతి పనికీ ఒక కవరు, కవరు మీద నా చేతిరాతతో ఒక చీటీ. మార్పులు మాత్రం క్లయింట్లు వాట్సాప్‌లో పంపేవారు. కొన్ని నా ఫోనుకి, కొన్ని లిపికా ఫోనుకి, కొన్ని శ్రీధర్ ఫోనుకి. ఆ వేసవిలో అస్కాలో బెల్లం వ్యాపారి ఒకాయనకి సంచి డిజైను చేశాం. ఆయన మార్పు చెప్పింది ఒకరికి, ఫైలు పంపింది మరొకరు. పాత బొమ్మే అచ్చయి వెళ్ళింది. ఆయన ఫోనులో అరిచిన అరుపు గిడ్డంగిలో బస్తాలు మోసేవాళ్ళకి కూడా వినిపించింది. మర్నాడు శ్రీధర్ నన్ను పిలిచి, "మేడం, ఇలగైతే కాదు. మంచి సాఫ్ట్‌వేర్ ఏదో మీరే సూసి పెట్టండి," అన్నాడు.

నేను ఈ పనిని పరీక్షకి చదివినట్టు చదివాను. మూడు సాఫ్ట్‌వేర్లని రెండేసి వారాల చొప్పున ఉచితంగా వాడి చూశాను. మొదటిది సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం చేసింది. అందులో మాటలు మాకు అర్థం కావు, ఒక లేబుల్ పని ఎక్కించడానికి పద్దెనిమిది గళ్ళు నింపమంది. రెండోది చూడ్డానికి అందంగా ఉంది, కానీ అందులో తెలుగు టైపు చేస్తే వత్తులు ఊడి పక్కన పడేవి. అక్షరాలతో బతికే మాకు అది పనికిరాదు. మూడోది తేలిక. తెర మీద నిలువుగా కాలమ్‌లు ఉంటాయి. ప్రతి పనికీ ఒక చీటీ. పని ముందుకి సాగేకొద్దీ చీటీని ఒక కాలమ్‌లోంచి తర్వాతి కాలమ్‌లోకి వేలితో జరపాలి. ప్రతి చీటీ మీద బాధ్యులెవరో ఒకరి పేరు, ఒక గడువు ఉండి తీరాలి. గడువు దాటితే ఆ పేరు ఎర్రబడుతుంది. ఏ చీటీని ఎవరు, ఎన్ని గంటలకి జరిపారో దానంతట అదే రాసుకుంటుంది. ఆ రాసుకున్నదాన్ని ఎవరూ చెరపలేరు, యజమాని కూడా.

ఆఖరి గుణం నాకు అన్నిటికంటే నచ్చింది. అబద్ధానికి చోటు లేని పుస్తకం అనుకున్నాను. నాలుగు పేజీల నోటు రాసి శ్రీధర్‌కి ఇచ్చాను, మూడోదే తీసుకోమన్నాను. వయసు మీద పడ్డాక కొత్త విద్య పట్టుబడితే మనిషికి కొంచెం పొగరు వస్తుంది. నాకూ వచ్చింది.

కాలమ్‌లు నిర్ణయించే పనీ నాదే. మొదటి చిత్తులో ఆరు పెట్టాను. వివరాలు, డిజైను, ఆరబెట్టడం, లోపలి పరీక్ష, క్లయింటు ఆమోదం, ప్రింటు. శ్రీధర్ తెర వైపు చూసి మూడో దాని మీద వేలు పెట్టాడు.

"మేడం, ఈ కాలమ్‌లో పని ఎవలు సేస్తారు?"

"ఎవరూ చేయరు బాబూ. ఆరుతుంది."

"పీడీఎఫ్ ఏటి ఆరతాది మేడం?" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఆ నవ్వుతోనే ఆ కాలమ్ పోయింది. సాఫ్ట్‌వేర్ కూడా దానికి ఒప్పుకునేది కాదు లెండి. ఎవరూ ఏమీ చేయని చోటికి బాధ్యులెవరని అడిగితే ఏ పేరు రాయాలి? అయినా అడ్డు చెప్పవలసింది నేను. ఆ తాడు ఎందుకుందో ఆ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. కొత్తగా నేర్చుకున్నదాని ముందు పాతది చెప్పుకోవడం నామోషీ అనిపించింది. ఆరు ఐదయ్యాయి. "లోపలి పరీక్ష" ఎదురుగా దండాసి మాస్టారి పేరు పెట్టి, గడువు అదే రోజు సాయంత్రం అని రాశాను.

ఆయనకి నేర్పడానికి కూర్చున్నాను. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి తెరని కాసేపు చూశారు.

"ఇందలేటి సూడాలి సుగుణమ్మా? నాను కాయితం సూస్తాను. ఇది నువ్వు సూసుకో," అన్నారు.

సరే అని ఆయన లాగిన్ నా కంప్యూటర్లోనే తెరిచి పెట్టుకున్నాను. పాస్‌వర్డ్ కూడా నేనే పెట్టాను. ఆయన పొద్దున్న కాగితం చదివి తల ఊపితే నేను చీటీ జరిపేదాన్ని. దాంతో ప్రతి చీటీ ఒక రోజు ఆలస్యంగా జరిగేది, ప్రతిసారీ ఆయన పేరు ఎర్రబడేది.

సోమవారం సోమవారం శ్రీధర్ అందరినీ కూర్చోబెట్టి, గోడకున్న టీవీలో వారం రిపోర్టు చూపించేవాడు. అందరి పేర్ల దగ్గరా ఆకుపచ్చ, దండాసి మాస్టారి దగ్గర వరసగా ఎరుపు. మూడో సోమవారం ఆయన నన్నే అడిగారు.

"నా పేరు కాడ ఆ ఎర్ర రంగేటి?"

ఆలస్యమైందని అర్థం అని చెప్పాను.

"ఎర్రరంగు అచ్చరానికి పనికిరాదు సుగుణమ్మా. ఎండకి బేగి ఎలిసిపోద్ది," అన్నారు. పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వారు. శ్రీధర్ నవ్వలేదు.

ఆ రోజు మధ్యాహ్నం శ్రీధర్ నా బల్ల దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "మాస్టారికి వయసైపోనాది మేడం. నాను అనడం లేదు, రిపోర్టే అంటోంది. ఈ దసరా దాకా సూద్దాం," అన్నాడు. ఆ ఉద్యోగం పోతే ఆయనకి మరో ఉద్యోగం లేదు. పొడంపేటలో ఆయన పుట్టిన వీధిని సముద్రం ఎప్పుడో తీసుకుపోయింది. ఊరివాళ్ళతోపాటు ఆయనకీ దూరంగా ఒక కాలనీలో ఇల్లిచ్చారు. ఆ ఇంట్లో ఆయన, మంచం పట్టిన భార్య. ఆ ఎరుపు పెట్టింది నేను ఎంచిన సాఫ్ట్‌వేర్, నేను రాసిన గడువు.

అప్పుడు నేను ఒక పని మొదలుపెట్టాను. రోజూ స్టూడియో మూసేముందు ఆయన లాగిన్‌లోకి వెళ్ళి, ఆ రోజు తాడు మీద ఉన్న పనులన్నిటినీ "లోపలి పరీక్ష పూర్తి" అని జరిపేసేదాన్ని. కాగితాలు ఆరుతూనే ఉండేవి, తెర మీద మాత్రం పరీక్ష అయిపోయేది. పొద్దున్న ఆయన చదివి తప్పేదైనా పట్టుకుంటే లిపికాతో దిద్దించి, మార్చిన ఫైలు ప్రెస్సుకి నేనే పంపేదాన్ని. తర్వాతి సోమవారం ఆయన పేరు ఆకుపచ్చగా ఉంది. శ్రీధర్ "మాస్టారు దారిలో పడ్డారు," అని మెచ్చుకున్నాడు. ఆయన నా వైపు ఒకసారి చూశారు. నాకు సంతోషమే అయింది. ఉపకారం చేస్తున్నానని నిజంగా అనుకున్నాను.

రెండు నెలలు అలా నడిచింది. ఆ తర్వాత శ్రీధర్ సాఫ్ట్‌వేర్‌లో మరో సదుపాయం కనిపెట్టాడు. లోపలి పరీక్ష పూర్తి కాగానే క్లయింటు ఫోనుకి దానంతట అదే లింకు వెళ్ళడం, వాళ్ళు "ఆమోదం" అని నొక్కగానే ఫైలు నేరుగా ప్రెస్సుకి వెళ్ళడం. మధ్యలో మనిషి చెయ్యి అక్కర్లేదు. నా నోటులో నేనే దాన్ని ఒక లాభంగా రాశాను. మొదలుపెట్టే రోజున శ్రీధర్ నన్ను అడిగాడు, సరేనా అని. సరే అన్నాను. నేను చీటీ జరపడానికీ ఆయన చదవడానికీ మధ్య ఒక రాత్రి ఉందని, ఆ రాత్రిని ఇప్పటిదాకా నా చెయ్యి కాపలా కాస్తోందని ఆ క్షణంలో నాకు తట్టింది కూడా. అది చెప్పాలంటే మిగతాదంతా చెప్పాలి. కొన్నాళ్ళు జాగ్రత్తగా ఉండి శుభలేఖల చీటీలు పొద్దున్నే జరిపాను. మళ్ళీ ఎర్రబడడం మొదలైంది. మళ్ళీ సాయంత్రాలకే వచ్చేశాను.

లోకనాథం గారని నూనెల టోకు వ్యాపారి. ఎనభై దాటిన మనిషి, బజారులో అందరికీ పెద్ద దిక్కు. ఆయన మనవరాలి పెళ్ళి శుభలేఖ మా దగ్గరికి వచ్చింది. వాళ్ళింట్లో నాలుగేళ్ళ కింద ఒక పెళ్ళి అయింది, లోకనాథం గారి అన్నగారి మనవడిది. ఆ అన్నగారు అప్పటికే పోయారు. లిపికా ఆ పాత ఫైలే తెరిచి పేర్లు మార్చింది. మా వృత్తిలో అందరూ చేసేదే, తప్పు కాదు. ఒడియా మొహం ఆమె చదవగలదు, అక్కడంతా సరిగ్గా మార్చింది. తెలుగు మొహంలో రాసిచ్చిన పేర్లు మాత్రమే మార్చింది. లోకనాథం గారి పేరుకి ముందున్న "కీ.శే." అలాగే ఉండిపోయింది. ఆ రెండక్షరాలకీ "శ్రీ"కీ తేడా ఆమెకి తెలియదు.

మర్నాడు మంచి రోజు. మొదటి శుభలేఖ ఇంటి దేవుడి దగ్గర పెట్టి, పసుపు రాసి, ఇంటి పెద్ద చేతిలో పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. ఆ తర్వాతే బంధువులకి. పొద్దున్నే శుభలేఖలు చేతికి రావాలని పెళ్ళికూతురి అన్న నాలుగుసార్లు ఫోను చేశాడు. దండాసి మాస్టారు ప్రింటు తాడుకి వేలాడదీసి, "ఇది పొద్దుట సూస్తాను. ఒగ్గీకు," అని చెప్పి ఆరింటి బస్సుకి వెళ్ళిపోయారు. ఒగ్గీకు అంటే విడిచిపెట్టకు అని.

నేను విడిచిపెట్టాను. బల్ల సర్దుకుని, ఆయన లాగిన్ తెరిచి, చీటీ జరిపాను. కాగితం నాకు ఆరడుగుల దూరంలో వేలాడుతోంది. నాకు తెలుగు వచ్చు. లేచి నిలబడి చదివితే రెండు నిమిషాల పని. పెళ్ళికూతురి అన్న పది నిమిషాల్లో ఆమోదం నొక్కాడు. ఆ కుర్రవాడు చదువుకున్నది ఒడియాలో, తెలుగు మొహాన్ని రంగు బాగుందా లేదా అని చూశాడట.

మర్నాడు తొమ్మిదింటికి దండాసి మాస్టారు వచ్చి, సంచీ పెట్టి, నేరుగా తాడు దగ్గరికి వెళ్ళారు. పెదవులు కదులుతున్నాయి. ఉన్నట్టుండి ఆగాయి.

"సుగుణమ్మా, లోకనాథం బాబు నిన్న బజార్లో నాకు ఎదురొచ్చినారు. బాగానే ఉన్నారు గదా?"

నేను లేచి వెళ్ళి చదివాను. ప్రెస్సుకి ఫోను చేశాను. ఏడింటికే అచ్చు మొదలైంది, మొదటి కట్ట తీసుకుని పెళ్ళివాళ్ళు ఎనిమిదిన్నరకే వెళ్ళిపోయారన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

పదకొండు గంటలకి లోకనాథం గారు తానే వచ్చారు. మనవడి భుజం పట్టుకుని మెట్లెక్కారు. అప్పుడే వచ్చిన శ్రీధర్ కుర్చీ వేశాడు. ఆయన కూర్చుని, నీళ్ళడిగి తాగి, జేబులోంచి శుభలేఖ తీసి బల్ల మీద పెట్టారు. నాలుగు మూలలా పసుపు ఇంకా తడిగానే ఉంది. అరుస్తారనుకున్నాం. ఆయన అరవలేదు.

"నా మనవరాలి పెళ్ళి సూసి పోతాననుకున్నానమ్మా. సూడనని మీరు రాసీసినారు," అన్నారు.

లిపికాకి మాటలు అర్థమయ్యాయో లేదో, ఆ ముఖం చూసి ఏడ్చేసింది. శ్రీధర్ గబగబా కంప్యూటర్ తెరిచాడు. ఆ పని ఎవరి చేతిలోంచి వెళ్ళిందో వెతికాడు. తెర మీద ఒక్క వరుస కనబడింది. లోపలి పరీక్ష, పూర్తి, దండాసి, సాయంత్రం ఆరు నలభై.

ఆరు నలభైకి ఆయన గంజాం బస్సులో ఉంటారు. ఆ సంగతి నాకు తెలుసు, శ్రీధర్‌కి తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు. తెర మీద ఉన్నదాన్ని చూస్తున్నప్పుడు ఎవరికీ గడియారం గుర్తు రాలేదు. శ్రీధర్ మానిటర్ని పెద్దాయన వైపు తిప్పాడు. దండాసి మాస్టారు నా వైపు చూశారు. కోపంగా కాదు. ఏదో ఎదురుచూస్తున్నట్టు చూశారు. నేను నోరు తెరవలేదు. ఏడాదిలో రిటైర్ అవుతున్నాను, ఈ సాఫ్ట్‌వేర్ నేను ఎంచింది, దొంగతనంగా నొక్కింది నేను. భయం వేసింది, దానికంటే సిగ్గు వేసింది. ఎన్ని సాకులు వెతుక్కున్నా ఇంతే.

ఆయన చూపు తిప్పుకుని పెద్దాయన కాళ్ళ దగ్గర కూర్చున్నారు.

"నా పేరే ఉంది గదా బాబూ. నాదే తప్పు. సమించండి."

లోకనాథం గారు ఆయన వైపు వంగారు. "నా కొట్టు బోర్డు మీద నా పేరు రాసినోడివి నువ్వే గదరా దండాసీ. ఇప్పుడు సెరిపినోడివీ నువ్వేనా?" అని, లేచి మనవడి భుజం పట్టుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రానికి కొత్త శుభలేఖలు అచ్చువేసి ఇచ్చాం. పెళ్ళి అనుకున్న రోజుకే జరిగింది, పెద్దాయన కుర్చీలో కూర్చుని అక్షింతలు వేశారని విన్నాం. మా ఎవరికీ పిలుపు రాలేదు. ఆ శనివారం శ్రీధర్ దండాసి మాస్టారిని కూర్చోబెట్టి, కొన్నాళ్ళు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమన్నాడు. ఆయన లేచారు. సీసాలో ఉన్న కుంచెలు కడిగి, ఆరేదాకా ఆగి, గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత నాలుగో రోజున నేను శ్రీధర్‌కి జరిగింది చెప్పాను. నాలుగు రోజులు ఎందుకు పట్టిందని అతను అడగలేదు. పేపర్‌వెయిట్ తిప్పుతూ, "మేడం, ఇప్పుడెల్లి ఏటని సెప్తాం? మా మేనేజరే దొంగ ఎంట్రీలు ఏసిందనా? ఉన్న పేరు కూడా పోద్ది," అన్నాడు. అతను వ్యాపారం చేసుకునే మనిషి, ఆ మాట అనడంలో ఆశ్చర్యం లేదు. నేను సరేనని తల ఊపి బయటికి వచ్చాను. ఆశ్చర్యపోవలసింది దానికి.

ఒక నెల తర్వాత శ్రీధర్ నన్ను మాస్టారి లాగిన్ తీసేయమన్నాడు. సాఫ్ట్‌వేర్లో ఒక మనిషిని తీసేయాలంటే అది ముందు ఒక ప్రశ్న అడుగుతుంది. ఈ సభ్యుడి పేరున ఉన్న పనులు ఎవరికి బదలాయించాలి? నా పేరు నొక్కాను. తర్వాత ఆ శుభలేఖ చీటీ తెరిచి చూశాను. బాధ్యులు అన్నచోట నా పేరు చేరింది. చెరపడానికి వీల్లేని ఆ పాత వరుస అలాగే ఉంది, పేరు మాత్రం లేదు. "లోపలి పరీక్ష, పూర్తి, తొలగించిన సభ్యుడు" అని ఉంది. అన్నేళ్ళు ఆయన పట్టుకున్న తప్పులు ఆ పుస్తకంలో ఎప్పుడూ లేవు, చేయని తప్పు దగ్గర కూడా ఇప్పుడు ఆయన పేరు లేదు.

మొదట తీసేయించిన కాలమ్ కూడా శ్రీధర్ తిరిగి పెట్టించాడు. ఆరబెట్టడం. అందులోకి వెళ్ళిన చీటీ పన్నెండు గంటలదాకా కదలకుండా తాళం. బాధ్యురాలిని నేను. రిటైరయ్యేదాకా రోజూ పొద్దున్న ఆ తాడు ముందు నిలబడి చదివేదాన్ని. అక్షరాలు కనబడేవి, తప్పులు అంతగా కనబడేవి కావు. ఆయనకి కనబడేవి కేవలం అక్షరాలు కావని, ఆ పేరుగల మనిషి బజారులో తిరుగుతూ కనబడేవాడని అప్పుడు అర్థమైంది.

రిటైరయ్యాక వచ్చిన చలికాలంలో గంజాం వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో ఆయన ఉండే కాలనీకి వెళ్ళాను. ఇంటి ముందు ఒక చెక్క మీద ఎవరిదో పడవ నంబరు రాస్తున్నారు. భార్య పోయి ఆరు నెలలైందని చెప్పారు. నాకు కబురు రాలేదు, రావలసినంత దగ్గర కూడా నేను మిగల్లేదు. పీట మీద కూర్చుని, ఆ చీటీ జరిపింది నేనేనని ఆయనతో చెప్పాను. బస్సులో వల్లించుకుంటూ వచ్చిన మాటలన్నీ చెప్పాను.

ఆయన కుంచె పక్కన పెట్టారు.

"నువ్వు నొక్కినావని నాకు తెల్దేటి సుగుణమ్మా? నాకా మిషనే రాదు గదా," అన్నారు. రంగు డబ్బాకి మూత పెడుతూ, "నువ్వు నొక్కినందుకు నాకేటీ లేదు. నా మంచికే నొక్కినావు. ఆ రోజు నువ్వు సెప్తావేమోనని సూసినాను. అంతే," అన్నారు.

టీ పెట్టిచ్చారు. తాగి వచ్చేశాను.

చిన్న స్టూడియోలవాళ్ళు ఇప్పుడు కూడా అప్పుడప్పుడు ఫోను చేసి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోమంటారని అడుగుతారు. ఏదైనా ఒకటేనని చెబుతాను. తీసుకునేముందు రెండు పనులు చేయమంటాను. మీ దగ్గర ఎవరూ పని చేయనట్టు కనబడే సమయం ఏదైనా ఉంటే, అది ఎందుకుందో కనుక్కుని దానికి ముందుగా ఒక కాలమ్ పెట్టండి. ఒకరి లాగిన్‌లో మరొకరు, ఎంత మంచికైనా సరే, వేలు పెట్టకండి. మూడో సంగతి సాఫ్ట్‌వేర్‌కి సంబంధించింది కాదు కాబట్టి వాళ్ళకి చెప్పను. చెరపడానికి వీల్లేని పుస్తకం ఎంత మంచిదైనా, తప్పు రాసిందని తెలిసిన మనిషి ఆ గదిలోనే, ఆ నిమిషంలోనే లేచి చెప్పాలి. నాలుగో రోజు చెబితే అది ఎవరికీ పనికిరాదు.